‘రేపు రాను’ అనే మీట లేని మిషన్: చిన్న వ్యాపారాలకి థంబ్ మిషన్ పనికొస్తుందా?

పనికి నిలకడగా రాని కుర్రాళ్ల మాట ఎత్తితే చాలు, ఒంగోలు కర్నూలు రోడ్డులో అయినా నెల్లూరు ట్రంకు రోడ్డులో అయినా వినబడేవి రెండే వాదనలు. "బళ్లో బెత్తం పోయింది, దాంతోపాటే భయమూ పోయింది" అని ఒకరు. "అడిగిందల్లా కొనిపెట్టి అమ్మానాన్నలే చెడగొట్టారు" అని ఇంకొకరు. టీ చల్లారేదాకా మాట్లాడుకున్నా ఏదీ తేలదు. వారం తిరక్కముందే కౌంటరు పక్క గోడకి వేలిముద్రతో హాజరు వేసే థంబ్ మిషన్ ఒకటి మాత్రం బిగుస్తుంది. బట్టల కొట్టు, హోటలు, రాళ్ల పాలిషింగు యూనిట్టు, రొయ్యల ప్లాంటు, ఎక్కడికి వెళ్లినా అదే నల్ల డబ్బా. కుర్రాళ్లు నిలకడగా రావట్లేదన్న జబ్బుకి ఇది మందేనా అన్నది చూద్దాం.

ఇక్కడ చెప్పేది ఏదో ఒక కంపెనీ మోడల్ గురించి కాదు. చిన్న వ్యాపారాలు కొనే మామూలు రకం గురించి: చిన్న తెర, అంకెల మీటలు, వేలు పెట్టే గాజు, కింద పెన్‌డ్రైవ్ దూర్చే సందు. డబ్బా మీద పేర్లు మారినా లోపలి మెనూలు దాదాపు ఒకటే. సుమారు అయిదు నుంచి ఎనిమిది వేల మధ్య దొరుకుతుంది. ముఖం చూసి గుర్తుపట్టే రకం కావాలంటే ఇంకో మూడు నాలుగు వేలు కలుపుకోవాలి. మార్కులు అడిగితే అయిదుకి మూడున్నర. వేలు సరిగా పడినంతవరకు లెక్క రాయడంలో దానికి వంక పెట్టలేం. ఆ లెక్కని యజమానులు చదివే తీరులోనే చిక్కంతా ఉంది.

బిగింపుతో మొదలుపెడదాం, సగం గొడవలు అక్కడే పుడతాయి. నేల నుంచి నాలుగడుగుల ఎత్తు సరిపోతుంది. అంతకంటే పైన బిగిస్తే వేలి కొస ఒక్కటే గాజుకి ఆనుతుంది, గీతలు సుడి తిరిగే మధ్యభాగం పడదు. ఎండ నేరుగా గాజు మీద పడినా మిషన్‌కి కళ్లు బైర్లు కమ్ముతాయి. పడమటి గేటు దగ్గర పెట్టిన మిషన్ పొద్దున బుద్ధిగా పనిచేస్తుంది, సాయంత్రం జనం ఇళ్లకి పోయే వేళకి "మళ్లీ పెట్టండి" అంటూ సతాయిస్తుంది. లోపల బ్యాటరీ ఉన్న రకమే కొనాలి, లేదంటే ఇన్వర్టరు లైనులో కలపాలి. గడియారం నడవడానికి బొత్తామంత బ్యాటరీ ఒకటి వేరే ఉంటుంది. అది అయిపోయిన పాత మిషన్లలో కరెంటు పోయి వస్తే తారీఖు వెళ్లి 2000 సంవత్సరంలో కూర్చుంటుంది. ఆ రోజు వేలు పెట్టిన వాళ్లంతా పాతికేళ్ల కిందట డ్యూటీకి వచ్చినట్టు, ఇవాళ మాత్రం గైరుహాజరు. తెర మీద తేదీ, టైము సరిగా ఉన్నాయో లేదో రోజూ షట్టరు తీసేటప్పుడు ఒక చూపు చూస్తే ఈ గొడవ ఉండదు.

పనివాళ్లకంటే ముందు అడ్మిన్, అంటే మెనూ తెరిచి మార్పులు చేసే అధికారం ఉన్న మనిషి, వేలు నమోదు చేయాలి. అడ్మిన్ లేనంతకాలం మెనూ ఎవరు నొక్కినా తెరుచుకుంటుంది. టైము పది నిమిషాలు వెనక్కి తిప్పడం సెల్‌ఫోన్ వాడే ఏ కుర్రాడికైనా చిటికెలో పని. అడ్మిన్లు ఇద్దరుండాలి. ఒక్క మేనేజరు వేలే పెడితే, ఆయన మానేశాక మెనూ తెరిపించుకోవడానికి మిషన్ అమ్మినవాళ్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది. పాస్‌వర్డుతోనూ కార్డుతోనూ హాజరు వేసే వీలుంటే ఆపేయాలి, లేకపోతే ఒకడొచ్చి నలుగురికి వేసి పోతాడు. నమోదు చేసేటప్పుడు ఒక్కో వేలు మూడుసార్లు అడుగుతుంది. చేతికొకటి చొప్పున కనీసం రెండు వేళ్లు ఎక్కించాలి. పొద్దున్నే, పనిలో చెయ్యి పెట్టకముందు, కడిగి తుడుచుకున్న వేలే పెట్టించాలి.

ఇక అసలు సంగతి, వేలు పడని చేతులు. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఈ మిషన్‌కి ఎదురయ్యే పరీక్ష ఇంకెక్కడా ఉండదేమో. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు రాయిని పలకలుగా కోసి నునుపు పెట్టే యూనిట్లలో పగలంతా నీళ్లు పారుతూనే ఉంటాయి. రాతిపొడి ఆ నీళ్లలో కలిసి పలచటి బురదవుతుంది. ఆ బురదలో పలకలు ఎత్తి దించే వాడి వేలి గీతలు ఆకురాయి పట్టినట్టు అరిగిపోతాయి. సిమెంటు పనిలో ఉన్నవాళ్ల చర్మాన్ని అందులోని క్షారం తింటుంది. పొగాకు గ్రేడింగు చేసే ఆడవాళ్ల వేళ్లకి ఆకు జిగురు నల్లటి పొరలా అంటుకుంటుంది, సబ్బుకి కూడా ఓ పట్టాన లొంగదు. వీళ్లు మూడుసార్లు వేలు పెట్టి "తంబు పడలేదన్నా" అని వెళ్లి పనిలో చేరతారు. మిషన్ దృష్టిలో ఆ మనిషి రానేలేదు.

రొయ్యల ప్లాంట్లలో ఇంకో తంటా. తల తీసి పొట్టు ఒలిచే చేతులు గంటల తరబడి ఐసు నీళ్లలో నానతాయి, వేళ్లు ముడతలు పడతాయి. పొద్దున వచ్చేటప్పుడు చక్కగా పడిన వేలు సాయంత్రం పడదు. ఒకసారి పెడుతుంది, చీర చెంగుతో తుడుచుకుని మళ్లీ పెడుతుంది, వెనక క్యూ కదలమంటుంది, బయట బండి హారన్ కొడుతుంది, ఇక వెళ్లిపోతుంది. రిపోర్టులో ఇన్ ఉంది, ఔట్ లేదు. ఔట్ లేకపోతే పూట కోసేలా చాలా సాఫ్ట్‌వేర్లలో ముందే పెట్టి ఉంటుంది, కొన్నిట్లో రోజు మొత్తం పోతుంది. నెలాఖరుకి ఆమె నాలుగు రోజులు పని మధ్యలో వదిలేసి పోయినట్టు తేలుతుంది. ముద్ర పడకపోవడం వల్ల పడిన ముద్ర ఇది, ఇది మాత్రం ఒక పట్టాన చెరగదు.

దీనికి విరుగుళ్లున్నాయి, డబ్బు కూడా పెద్దగా అవదు. మిషన్ పక్కన పొడి టవల్ ఒకటి తగిలించాలి. చూపుడు వేలు అరిగినవాళ్లకి ఉంగరపు వేలు ఎక్కించి చూడాలి, పనిలో దాని మీద ఒత్తిడి తక్కువ. అప్పటికీ పడకపోతే ముందు ఐడీ నంబరు కొట్టి తర్వాత వేలు పెట్టమనాలి. అలా చేస్తే మిషన్ అందరి వేళ్లతో కాకుండా ఆ ఒక్కడి వేలితోనే పోల్చుకుంటుంది కాబట్టి సగం చెరిగిన ముద్రని కూడా ఒప్పుకుంటుంది. కొందరు టెక్నీషియన్లు ఇంత శ్రమ ఎందుకని అందరికీ కలిపి పోలిక స్థాయినే తగ్గించేస్తారు, అది చేయనివ్వకూడదు. ఒకడి వేలికి ఇంకొకడి పేరు పలకడం మొదలవుతుంది. గాజు మీద పేరుకున్న జిడ్డుకి సెల్లోటేపు ముక్క అంటించి లాగితే చాలు, పెట్రోలు, శానిటైజరు వద్దు. ముఖం చూసే మిషన్ అయితే ఈ బాధలన్నీ తప్పుతాయి గానీ, వెలుతురు మనిషి వెనక నుంచి రాకూడదు. ప్లాంట్లలో మాస్కు, టోపీ వేసుకునే గదికి ముందే బిగించాలి. రాతి యూనిట్లకి, రొయ్యలకి వేలిముద్ర రకం వద్దే వద్దు. ముఖం చూసే రకానికి ఎక్కువ పెట్టే ఆ మూడు నాలుగు వేల రూపాయలు దండగ కాదు.

రిపోర్టు దగ్గరికొస్తే అమర్చాల్సినవి కొన్ని ఉన్నాయి. పడిందో లేదోనని అనుమానంతో వెంటనే రెండోసారి వేలు పెట్టేవాళ్లు ఎక్కువ. మొదటిది ఇన్, రెండోది ఔట్ అయి కూర్చుంటుంది. అయిదు నిమిషాల్లోపు పడిన రెండో వేలుని లెక్కలోకి తీసుకోకుండా పెట్టుకోవచ్చు. రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా నడిచే షిఫ్టులో ఇంకో తప్పు వస్తుంది. అర్ధరాత్రి దాటగానే సాఫ్ట్‌వేర్‌కి తారీఖు మారుతుంది కాబట్టి ఒక రోజు ఔట్ లేదు, రెండో రోజు ఇన్ లేదు, రెండు రోజులూ కోత. నైట్ షిఫ్టుకి రోజు మారే వేళ మధ్యాహ్నం 12 అని పెడితే సరిపోతుంది. పెన్‌డ్రైవ్ 32 జీబీ లోపుది వాడాలి, పెద్దవి చాలా మిషన్లు చదవవు. ఇంకో చిత్రం ఏంటంటే, లేటు గడి ఆన్‌లో ఉన్న ప్రతి చోటా ఓటీ (ఓవర్‌టైము) గడి ఆన్‌లో ఉండదు. పది నిమిషాలు ఆలస్యమైతే ఎర్రంకెలో చూపించే మిషన్, రాత్రి గంటన్నర ఎక్కువ ఉంటే ఏమీ ఎరగనట్టు ఉంటుంది. మిషన్‌కి ఆ తెలివి లేదు, మీటలు నొక్కిన వాళ్లకే ఉంది.

ఇవన్నీ సరిచేశాక మూడు నెలల రిపోర్టు బల్ల మీద పరిచి పేర్ల వరస పక్కన పెట్టి తేదీల వరస చూడాలి. ఒక్క మనిషే మాటిమాటికీ మానుతుంటే అది వాడి సంగతి. ఒకే వారంలో సగం మంది మానితే అది ఊరి సంగతి. జనవరి నుంచి మార్చి దాకా ప్రకాశంలో పొగాకు ఆకుని వేడి పెట్టి ఆరబెట్టే బ్యారన్లు మండుతుంటాయి, మిరప కోతలు నడుస్తుంటాయి. మార్చి, ఏప్రిల్లో నెల్లూరు పల్లపు ప్రాంతంలో వరి కోతలు. ఇంట్లో నాలుగు చేతులు కావాల్సిన రోజులు అవి. సంక్రాంతి, ఊరి తిరునాళ్లు, నెల్లూరులో రొట్టెల పండగ, ఇవేవీ చెప్పకుండా ఊడిపడేవి కావు, కేలెండర్లో ముందే ఉంటాయి. అందరూ రోజూ అదే పావుగంట లేటవుతుంటే వాళ్లొచ్చే పల్లెవెలుగు బస్సు టైము చూసుకోవాలి. తొమ్మిదింటి బస్సు తొమ్మిదీ పదికి స్టాండులోకి వచ్చే చోట డ్యూటీ తొమ్మిదికి పెట్టి ఏడాది పొడవునా తిట్టుకునే కన్నా తొమ్మిదింబావుకి మార్చుకోవడం తేలిక.

జీతం అందిన మర్నాడు మానేవాళ్లు వేరే రకం. అక్కడ మూలం తరచుగా అడ్వాన్సులో ఉంటుంది. మనిషి పోకుండా ముందుగా ఓ ఇరవై వేలు చేతిలో పెట్టడం ఇక్కడ మామూలే. తర్వాత నెలనెలా అందులో కోత పడి చేతికొచ్చేది తగ్గిపోతుంది. ఎంత చేసినా చేతికి రాదనిపించినప్పుడు, ఇంకో యజమాని పాతిక వేలు అడ్వాన్సు ఇస్తానంటే పాత బాకీ తీర్చేసి అటు పోతాడు. కట్టేయడానికి వేసిన తాడే లాక్కుపోవడానికి పనికొస్తుంది.

కోతల్లో చట్టం ఏం చెబుతుందో మిషన్ కొన్న చాలామందికి పట్టదు. రాని కాలానికి మాత్రమే, ఆ నిష్పత్తిలోనే జీతం కోయాలి. ఈ నియమం 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలో ఉండేది, దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఉంది. నెలకి 12,000 జీతం, 30 రోజులు, రోజుకి 8 గంటలు అనుకుంటే రోజుకి 400, గంటకి 50. పావుగంట ఆలస్యానికి పన్నెండున్నర రూపాయలు. "మూడు లేట్లకి ఒక పూట" అని గోడకి అంటించిన కాగితం ప్రకారం మూడు పావుగంటలకి 200 పోతోంది, లెక్క ప్రకారం పోవాల్సింది ముప్ఫై ఏడున్నర. జరిమానా అని వేరే వేయాలన్నా ఏ తప్పులకో ముందే నోటీసులో ఉండాలి, ఆ మనిషిని సంజాయిషీ అడగాలి, మొత్తం ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు. 12,000 మీద అది 360. ఇంకొకటి, మానేసినవాడి వేలిముద్ర మిషన్‌లోనే వదిలేయకూడదు, లెక్క తేల్చిన రోజే తుడిచేయాలి.

మళ్లీ మొదటి వాదనకి వద్దాం. బడా, ఇల్లా? బెత్తం పోయిందన్న వాదన నిలవదు. బెత్తం దెబ్బలు తిన్న తరం కూడా కోతలప్పుడు మానింది, తిరునాళ్లకి మానింది. అయితే బడికి వాటా లేదనీ కాదు. హాజరు గురించి పిల్లవాడికి చిన్నప్పటి నుంచి వినబడే అంకె 75. అమ్మఒడి పథకం ఉన్నప్పుడు ఆ డబ్బులకి 75 శాతం, ఇంటర్ పరీక్షకి 75 శాతం. ఇంటర్లో కొంత తగ్గినా ఫీజు కడితే మాఫీ. 26 పనిదినాల నెలలో 75 శాతమంటే పందొమ్మిదిన్నర రోజులు. ఆ లెక్కలో పాసయిన కుర్రాడు కొట్లో చేరి నెలకి ఆరు రోజులు మానితే తాను తప్పు చేశానని ఎందుకు అనుకుంటాడు? మానితే డబ్బు కట్టి సరిపెట్టుకోవచ్చన్నది కూడా అక్కడ నేర్చిందే.

సెలవు చీటీ సంగతి ఇంకా వింత. బళ్లో అందరూ బట్టీ పట్టేది ఒకే ఉత్తరం, ‘యాజ్ అయామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’. అక్క పెళ్లికైనా జ్వరమే, పొలంలో పనికైనా జ్వరమే. అదీ మర్నాడు బడికి వచ్చాక ఇచ్చే చీటీ, కింద నాన్న సంతకం. ముందురోజే వెళ్లి "సార్, రేపు నాకు ఫలానా పనుంది, రాలేను" అని సొంత నోటితో చెప్పే పని పదేళ్ల చదువులో ఒక్కసారీ పడదు. హాస్టలు కాలేజీల్లో చదివినవాళ్లది మరీ కష్టం. తెల్లారుజామున వార్డెన్ లేపితే లేవడం, గంట కొడితే తినడం, ఔటింగు పాసు ఇస్తే బయటికి పోవడం. రెండేళ్ల తర్వాత వార్డెన్ ఉండడు, అలారం పెట్టుకునే అలవాటూ ఉండదు.

ఇంటి వాటా ఫోన్‌లో ఉంది. ఇరవై రెండేళ్ల మనిషి డ్యూటీకి రాకపోతే పదింటికి వాళ్లమ్మ చేస్తుంది: "వాడికి జొరం సార్, ఈరోజుకి చూసుకోండి." అబద్ధమో నిజమో తర్వాత సంగతి. తన గైరుహాజరుకి తానే సమాధానం చెప్పుకోవాల్సిన అవసరం వాడికి అప్పటిదాకా రానివ్వలేదు.

అయితే ముందుగా చెప్పినవాడికి కొట్లో ఏం జరుగుతుందో కూడా చూడాలి. "అన్నా, రేపు రాను" అనగానే పది నిమిషాలు తిట్లు, "సీజన్లో కుదరదు ఫో" అని జవాబు. చెప్పకుండా ఫోన్ ఆపేసి మానినవాడికీ అదే ఒక్క రోజు కోత, తిట్లు మాత్రం ఉండవు, ఎందుకంటే ఎల్లుండికి యజమాని కోపం చల్లారుతుంది, మనిషి అవసరమూ ఉంటుంది. అంటే చెప్పకుండా మానడమే చవక. ఈ పాఠం బళ్లోదీ కాదు, ఇంట్లోదీ కాదు, చేరిన మొదటి నెలలో కౌంటరు దగ్గరే నేర్పేది. మిషన్ మీద ఇన్, ఔట్, బ్రేక్, ఓటీ అన్నిటికీ మీటలున్నాయి. ‘రేపు రాను’ అనడానికి లేదు. నా లెక్కలో పోయిన ఒకటిన్నర మార్కుల్లో ఒకటి వేళ్లు పడనందుకు, అర ఇందుకు.

ఆ లోటు పూడ్చడానికి ఒక పొడుగు పుస్తకం చాలు. మిషన్ కింద మేకుకి వేలాడదీయాలి. గడులు నాలుగు: పేరు, రాని తేదీ, చెప్పిన తేదీ, చెప్పిన టైము. కారణం గడి పెట్టకూడదు, పెడితే అందరికీ జ్వరమే వస్తుంది. ముందురోజు సాయంత్రం 6 లోపు రాసినవాడికి ఆ రోజు జీతం తప్ప ఇంకే కోతా లేదు, మాటా లేదు. ఇంటి నుంచి అమ్మ చేసే ఫోన్ లెక్కలోకి రాదు, ఆసుపత్రిలో ఉంటే తప్ప మనిషే చేయాలి. ఒకే రోజుకి ఇద్దరికి మించి పేర్లు పడితే మూడోవాడు మొదటి ఇద్దరితో మాట్లాడుకుని సర్దుకోవాలి. యజమాని మధ్యలో దూరకపోతే ఇది వాళ్లలో వాళ్లే బాగా తేల్చుకుంటారు.

హాజరు బోనసు ఇచ్చే చోట ఇంకో మార్పు కావాలి. నెలంతా వస్తే 800 అని పెడితే రెండో తారీఖున ఒక్క రోజు మానిన వాడికి మిగతా నెలంతా రావడానికి ఆ డబ్బు ఏ పనికీ రాదు. అదే 800 ని వారానికి 200 చేస్తే ప్రతి సోమవారం లెక్క కొత్తగా మొదలవుతుంది. పుస్తకంలో ముందుగా రాసి మానిన రోజుకి బోనసు తెంచకూడదు, లేకపోతే పుస్తకంలో ఎవరూ రాయరు.

పదిమంది లోపు ఉన్న కొట్టుకి ఈ పుస్తకమే చాలు, మిషన్ అక్కర్లేదు. పదిహేను దాటి షిఫ్టులు నడుస్తుంటే మిషన్ కొనొచ్చు, కానీ పుస్తకం కూడా ఉండాలి. జీతాలు వేసేముందు మిషన్ రిపోర్టుని, పుస్తకాన్ని పక్కపక్కన పెట్టాలి. రిపోర్టులో గైరుహాజరు ఉండి పుస్తకంలో పేరు లేనివాళ్లని పిలిచి ముందు "వేలు పడిందా?" అని అడగాలి. పడకపోవడం కాదు, రాకపోవడమే అని తేలితే అప్పుడు మాట్లాడొచ్చు. పుస్తకానికి పెన్ను దారంతో కట్టడం మర్చిపోవద్దు. కట్టకపోతే మూడోరోజుకి పెన్నే చెప్పకుండా మానేస్తుంది.